పొలిమేర దాటాక

మీరెవరని ఎవరైనా అడిగితే ఏం చెబుతారు? ఫలానా బడిలో లెక్కల మాస్టారిని, ఫలానా వారి కోడలిని, ఇద్దరు పిల్లల తల్లిని, కలెక్టరాఫీసులో సూపరింటెండెంటుని. ఈ జవాబులన్నీ నిజమే. కానీ వీటిలో ప్రతి ఒక్కటీ ఇంకొకరు మనకిచ్చిందే. ఆఫీసు ఇచ్చిందొకటి, అత్తవారిల్లు ఇచ్చిందొకటి, వీధి ఇచ్చింది మరొకటి. ఏళ్ళ తరబడి ఆ పిలుపులకు పలుకుతూ ఉంటే, అవి పక్కన పెట్టాక మిగిలే మనిషి ఎలాంటివాడో చూసుకునే సందర్భమే రాదు. సొంత ఊళ్ళో అది కుదరదు కూడా. వీధి చివర టీ కొట్టు దాకా వెళ్తే చాలు, "ఏం మాస్టారూ, ఇవాళ ఆలస్యమైందే!" అని పలకరిస్తారు. మళ్ళీ మాస్టారైపోతాం.

అందుకే ఈ పుస్తకంలో ప్రయాణానికి ఒక అధ్యాయం కేటాయించాను. మనల్ని ఎవరూ గుర్తుపట్టని చోట, మన హోదా చెల్లని చోట నాలుగు రోజులు గడిపితే మన గురించి మనకు తెలిసే సంగతులు ఏ శిక్షణ తరగతిలోనూ తెలియవు. అయితే ఒక మాట ముందే చెప్పాలి. తిరిగినంత మాత్రాన ఎవరూ మారిపోరు. ఎన్నో దేశాలు చూసి వచ్చి కూడా అదే కోపం, అదే పట్టుదల, అదే పేచీలతో బతికేవాళ్ళు మన చుట్టూ ఉన్నారు. ప్రయాణం మనల్ని మనకు చూపిస్తుంది, అంతవరకే దాని పని. మార్చుకోవడం మన పని. ఎలా వెళ్తే చూపిస్తుంది, చూశాక ఏం చేయాలి అన్నదే ఇక్కడ చెప్పదలచుకున్నాను.

నాకు తెలిసిన ఒక పెద్దాయన బ్యాంకు మేనేజరుగా రిటైరయ్యారు. భార్యకు మోకాళ్ళ నొప్పులు కావడంతో, ఎన్నాళ్ళనుంచో అనుకుంటున్న కాశీకి ఒక్కరే బయల్దేరారు. మొదటిరోజు సాయంత్రం గోదౌలియా కూడలిలో తినుబండారాల కొట్ల ముందు చాలాసేపు నిలబడిపోయారట. ఏం తినాలో తేల్చుకోలేకపోయారు. ఇన్నేళ్ళూ కంచంలోకి వచ్చింది తిన్నారు తప్ప, తనకేం కావాలో ఆలోచించుకోవలసిన అవసరం రాలేదు. చివరికి అరటిపళ్ళు కొనుక్కుని గదికి వెళ్ళిపోయారు. మర్నాడు ఇంకో సంగతి బయటపడింది. సందుల్లో దారి తప్పారు. ఎవరినైనా అడిగితే చెబుతారు. కానీ అడగడానికి నోరు రాలేదు. బ్యాంకులో ఉన్నన్నాళ్ళూ జనం తన దగ్గరకు వచ్చి అడిగారు, తాను ఎవరినీ అడిగింది లేదు. అలా ఎండలో గంటసేపు తిరిగి తిరిగి, ఇక కాళ్ళు నడవనంటే, ఒక పూలమ్మే కుర్రాడి దగ్గర ఆగి వచ్చీరాని హిందీలో దారి అడిగారు. ఆ కుర్రాడు బుట్ట పక్కవాడికి అప్పజెప్పి, సత్రం గుమ్మం దాకా వచ్చి దిగబెట్టి వెళ్ళాడు.

"అడగడం నాకు చేతకాదని అరవై దాటాక తెలిసిందండీ" అన్నారు నాతో. అక్కడితో ఆగలేదు ఆయన ఆలోచన. "నాన్న ఏదీ అడగరు, చెబుతారంతే" అని కొడుకు ఎప్పుడూ అనే మాటకు అర్థం ఆ కాశీ సందులో తెలిసిందట. గంగాస్నానం, విశ్వనాథుడి దర్శనం అన్నీ అయ్యాయి. వాటి విలువ వాటిదే. కానీ ఆ పెద్దాయన ఇంటికి తెచ్చుకున్నది ఆ గంటసేపటి తిరుగుడులో దొరికిందే.

ఇలాంటిది జరగాలంటే ప్రయాణంలో కొంత ఖాళీ ఉండాలి. ఉదయం ఆరింటికి బస్సెక్కించి, పది చోట్ల దింపి, రాత్రి పదింటికి హోటల్లో పడేసే ప్యాకేజీ టూరులో ఆ ఖాళీ ఉండదు. పెద్దవయసు తల్లిదండ్రులను యాత్రకు పంపాలంటే ప్యాకేజీ మంచిదే, నేనూ అదే సలహా ఇస్తాను. మిమ్మల్ని మీరు చూసుకోవాలనుకుంటే మాత్రం అది పనికిరాదు. అక్కడ ప్రతి నిర్ణయం ఇంకొకరే చేసేస్తారు. ఒంటరిగానో, మీకు అడ్డురాని ఒక్క స్నేహితుడితోనో, తక్కువ చోట్లకు, తక్కువ ఖర్చుతో, నెమ్మదిగా వెళ్ళండి. ఖర్చు తగ్గినకొద్దీ మనుషులతో పని పడుతుంది. మనుషులతో పని పడినకొద్దీ మన తత్వం బయటపడుతుంది.

అలా తిరిగిన ఒక మనిషి సంగతి చెబుతాను. గాంధీజీ 1915 జనవరి 9న దక్షిణాఫ్రికా నుంచి వచ్చి బొంబాయిలో దిగేనాటికి ఆయన వయసు 45. అప్పటికే పెద్ద ఉద్యమం నడిపిన మనిషి, దేశమంతా పేరు తెలిసిన మనిషి. ఆయన గురువుగా భావించిన గోపాలకృష్ణ గోఖలే ఆయన దగ్గర ఒక మాట తీసుకున్నారు. ఏడాదిపాటు దేశం తిరిగి చూడాలి, ఆ ఏడాదీ ప్రజా విషయాల మీద బహిరంగంగా అభిప్రాయాలు చెప్పకూడదు. ఆ ఫిబ్రవరిలోనే గోఖలే కన్నుమూశారు. మాట తీసుకున్న మనిషి లేకపోయినా గాంధీజీ మాట తప్పలేదు. మూడో తరగతి రైలు పెట్టెల్లో తిరిగారు. శాంతినికేతన్ వెళ్ళారు, రంగూన్ వెళ్ళారు, హరిద్వార్ కుంభమేళాకు వెళ్ళారు. 1917లో చంపారన్ నీలిమందు రైతుల దగ్గరకు వెళ్ళినప్పుడు ముందు వాళ్ళ వాంగ్మూలాలు ఓపిగ్గా విని, రాయించుకోగలిగిన మనిషి వెనుక, నోరు కట్టుకుని తిరిగిన ఆ ఏడాది కూడా ఉందని నా నమ్మకం.

ఈ నియమాన్ని మీ తరువాతి ప్రయాణంలో ఒక్కరోజు పాటించి చూడండి. ఆ రోజంతా దేని మీదా తీర్పు చెప్పకూడదు. "మా వైపు ఇలా ఉండదండీ" అనకూడదు. "ఇదేం సాంబారు, బెల్లం పోశారా?" అనకూడదు. ఊరు బాగుందనీ బాగాలేదనీ, మనుషులు మంచివాళ్ళనీ మోసగాళ్ళనీ పైకి చెప్పకూడదు, ఫోన్లో టైపు చేయకూడదు. చూడటం, వినడం, అడగడం, అంతే. మధ్యాహ్నానికే మీకు ఊపిరాడనట్టు అవుతుంది. మనం రోజూ మాట్లాడే మాటల్లో ఎంత భాగం తీర్పులే ఉంటాయో అప్పుడు తెలుస్తుంది. ఆ మాటలు ఆపేసినచోట ప్రశ్నలు పుడతాయి. పప్పులో బెల్లం ఎందుకు వేస్తారని గుజరాతీ వంటావిడను అడిగినవాడికి ఆవిడ పుట్టింటి కథంతా తెలుస్తుంది. బాగాలేదన్నవాడికి చెయ్యి కడుక్కోవడమే మిగులుతుంది.

రైలు గురించి కాస్త ఎక్కువ చెప్పాలని ఉంది. ఎందుకంటే మనల్ని మనం చూసుకోవడానికి జనరల్ పెట్టెను మించిన చోటు నాకు కనిపించలేదు. ఉదాహరణకు విశాఖపట్నం నుంచి పొద్దున్నే బయల్దేరే కిరండూల్ రైలు తీసుకోండి. బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు తెచ్చి జపాన్‌కు ఎగుమతి చేయడానికి 1960లలో వేసిన లైను అది. కొత్తవలస దాటి కొండెక్కడం మొదలయ్యాక యాభైకి పైగా సొరంగాలు వస్తాయి. అద్దాల పైకప్పున్న ప్రత్యేక పెట్టె కూడా ఉంది. అందులోంచి లోయలు బాగా కనిపిస్తాయి. మీరు మాత్రం ఒక్కసారి జనరల్ పెట్టె ఎక్కండి.

ముగ్గురు కూర్చునే బల్ల మీద నలుగురున్నారు. మీ పక్కన మీ సంచి ఉంది. ఏదో చిన్న స్టేషన్లో ఒకావిడ తలమీద పనసపండు బుట్టతో, చంకలో పిల్లతో ఎక్కింది. మీ వైపు చూసి "కాస్త జరుగు నాయనా" అంది. ఇప్పుడు మీ మనసులో జరిగేది గమనించండి. మొదట కిటికీ బయటకు చూశారా? వేరే ఎవరైనా జరుగుతారేమోనని ఎదురుచూశారా? సంచి తీసి ఒళ్ళో పెట్టుకోవడానికి ఎంతసేపు పట్టింది? తీరా జరిగాక లోపల విసుగు ఉందా, హాయిగా ఉందా? ఇందులో సరైన జవాబంటూ లేదు, ఎవరూ మార్కులు వేయరు. కానీ ఇంట్లో తమ్ముడితో ఆస్తి పంచుకునేటప్పుడు, ఆఫీసులో కొత్తగా వచ్చినవాడికి బల్ల చూపించేటప్పుడు మీలో కదిలే మనిషి, ఆ రెండడుగుల చోటు దగ్గర కదిలే మనిషీ ఒకరే. అక్కడ పనసపండు బుట్ట ఉంది కాబట్టి స్పష్టంగా కనిపించాడు.

సొరంగంలోకి రైలు దూరగానే పిల్లలంతా ఒక్కసారిగా కేకలు పెడతారు. ఫోన్లలో సిగ్నలు పోతుంది. చీకట్లో ఎవరి ముఖం ఎవరికీ కనిపించదు. మళ్ళీ వెలుగు వచ్చేసరికి పక్కన కూర్చున్నావిడ చంకలోని పిల్ల మీ చొక్కా పట్టుకుని ఉంటుంది. అక్కడినుంచి మాటలు మొదలవుతాయి. బొర్రా గుహల దగ్గర దిగిపోయేవాళ్ళెవరో, అరకు సంతకు వెళ్ళేవాళ్ళెవరో, పంట అమ్ముకుని వచ్చేవాళ్ళెవరో తెలుస్తుంది. వాళ్ళను ఫోటోలు తీయడానికి ఆత్రపడకండి. ముందు పేరు అడగండి, మీ పేరు చెప్పండి. మీ ఉద్యోగం ఏమిటో చెప్పకుండా ఎంతసేపు మాట్లాడగలరో చూడండి. చాలామందికి ఇది అన్నిటికంటే కష్టమైన పరీక్ష.

ఇక రాసుకోవడం గురించి. ఈ విషయంలో మన తెలుగువాళ్ళకు గొప్ప గురువు ఉన్నారు. ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరుగా పనిచేసినవారు. 1830 మే 18న పరివారంతో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరారు. పల్లకీలు, బోయీలు, వంటవాళ్ళు, బంధువులు, దాదాపు వందమందితో సాగిన యాత్ర. రైళ్ళు లేవు, వంతెనలు లేని నదులు, దొంగల భయం ఉన్న దారులు. పదిహేను నెలలకు పైగా ఆయన దారిలో చూసింది చూసినట్టు రాస్తూ, మద్రాసులోని తన స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళెకు తెలియజేశారు. వీరాస్వామయ్య 1836లో మరణించారు. ఆ మిత్రుడే 1838లో దాన్ని 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చువేయించారు.

ఆ పుస్తకం తెరిస్తే ఏముంటుంది? ఏ మజిలీ నుంచి ఏ మజిలీకి ఎంత దూరం, దారి రాతిదా ఇసుకదా, ఊళ్ళో మంచినీళ్ళు ఎలా దొరుకుతాయి, బజారులో ఏ సరుకులు ఉన్నాయి, దిగడానికి వసతి ఉందా, జనం ఏ భాష మాట్లాడతారు, ఏ ఆచారాలు పాటిస్తారు. ఇలా వందల పేజీలు. నచ్చింది, నచ్చలేదు, అద్భుతం అని మాత్రమే రాసుకుని ఉంటే ఇవాళ దాన్ని ఎవరూ చదివేవారు కాదు. ఉద్యోగంలో ఒకరి మాటను ఇంకొకరికి ఉన్నదున్నట్టు చేరవేసిన మనిషి, దారిలోనూ కళ్ళు చూసిందాన్ని ఉన్నదున్నట్టు కాగితం మీద పెట్టారు. మన మనసు గురించి రాసుకునేటప్పుడు కూడా ఆ పద్ధతే పనికొస్తుంది. 'ఈ రోజు నాలో ఏదో మార్పు వచ్చింది' అనే వాక్యం వల్ల ఏ ఉపయోగమూ లేదు. 'ఆటోవాడు ఇరవై రూపాయలు ఎక్కువ అడిగాడు, నాకు గొంతు వణికేంత కోపం వచ్చింది, నిన్న హోటల్లో నాలుగు వందలు దండగైనా రాలేదు' అని రాసుకుంటే అందులో ఒక దారి ఉంది. ఆ కోపం డబ్బు గురించి వచ్చింది కాదని రాసిన మరుక్షణమే మీకు తెలుస్తుంది.

చేతిలో పట్టేంత నోటుబుక్కు ఒకటి కొనుక్కోండి. రాత్రి పడుకునే ముందు పది నిమిషాలు చాలు. ముందు బయటి సంగతులు రాయండి. ఎక్కడ ఎక్కారు, ఎవరు కలిశారు, ఏం తిన్నారు, ఎంతయింది. ఆ తర్వాత లోపలి సంగతి ఒకటి రెండు వాక్యాల్లో రాయండి. ఎప్పుడు కోపం వచ్చింది, ఎప్పుడు భయమేసింది, ఫోన్ ఉందన్న సంగతే ఎప్పుడు మర్చిపోయారు. ఈ మూడో దాన్ని తేలిగ్గా తీసుకోకండి. ఏ పనిలో ఉండగా ఫోన్ గుర్తురాలేదో, మీకు నిజంగా ఇష్టమైనది అదే అయ్యే అవకాశం ఎక్కువ. చదువు, పెళ్ళి, ఉద్యోగం వరుసలో పడి ఏది ఇష్టమో మర్చిపోయినవాళ్ళకు అది మళ్ళీ దొరికే చోట్లలో ఇదొకటి.

నడక గురించి ఒక్క మాట. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చిత్రకళ బోధించిన ఆచార్య ఆదినారాయణ కాలినడకన తిరిగిన అనుభవాలతో 'భ్రమణకాంక్ష' రాశారు, దొరికితే చదవండి. నడక అనుభవం కోసం హిమాలయాలకే వెళ్ళనక్కర్లేదు. ఉగాదికి ముందు కర్ణాటక నుంచి వేలాదిమంది భక్తులు నల్లమల గుండా శ్రీశైలానికి నడిచి వస్తారు. భ్రమరాంబను తమ ఇంటి ఆడపడుచుగా భావించే మనుషులు వాళ్ళు. ఆత్మకూరు దగ్గర వెంకటాపురం నుంచి నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా కైలాసద్వారం చేరే పాత దారి అది. దారి పొడవునా ముక్కూమొహం తెలియనివాళ్ళు మజ్జిగ పోస్తారు, అన్నం పెడతారు. చదువుకుని ఉద్యోగాలు చేసే మనలాంటివాళ్ళకు అక్కడ నడక కంటే కష్టమయ్యేది ఆ అన్నం తీసుకోవడం. జేబులోకి చెయ్యి పోతుంది. డబ్బిచ్చి రుణం తీర్చేసుకోవాలనిపిస్తుంది. వాళ్ళు తీసుకోరు. ఒకరు ప్రేమగా పెట్టింది మారుమాట్లాడకుండా తినగలగడం కూడా ఎదుగుదలే. ఇంట్లో భార్య చేసిన సాయాన్ని, స్నేహితుడు చేసిన మేలును సూటిగా ఒప్పుకోలేని మనిషికి ఇది మంచి అభ్యాసం.

ఈ అధ్యాయం చదువుతున్న ఆడవాళ్ళు ఇప్పటికే ఒక ప్రశ్న వేసుకుని ఉంటారు. మాకెక్కడ కుదురుతుంది? నిజమే. మగవాడు సంచి భుజాన వేసుకుంటే లోకసంచారం అంటారు. ఆడది అదే పని చేస్తే ఇంట్లో ఏమైందని ఆరా తీస్తారు. కానీ పరిస్థితి కొంత మారింది. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆ రాష్ట్రాల మహిళలకు చార్జీ లేదు. ఆధార్ చూపిస్తే కండక్టరు జీరో టికెట్ ఇస్తారు. ఆసుపత్రికి, పుట్టింటికి, పనికి, గుడికి వెళ్ళడానికి ఆ టికెట్ ఎంతో ఉపయోగపడుతోంది. నేను అడిగేది, ఒక్కసారి ఏ పనీ పెట్టుకోకుండా ఎక్కమని. పొద్దున్న బస్సుకు వెళ్ళి చీకటిపడేలోగా ఇంటికి వచ్చేయగల చోటు చాలు. గుంటూరు నుంచి అమరావతి, వరంగల్ నుంచి ములుగు మీదుగా రామప్ప. ఎవరికీ క్యారేజీ సర్దక్కర్లేని, ఎవరికీ మందులు గుర్తుచేయక్కర్లేని ఒక పగలు ఎలా ఉంటుందో చూడండి. మొదటి రెండు గంటలు ఏదో తప్పు చేస్తున్నట్టు ఉంటుంది. ఇంటికి ఫోన్ చేసి గ్యాస్ కట్టేశారా అని అడగాలనిపిస్తుంది. ఆ బెంగ ఎక్కడినుంచి వస్తోందో గుళ్ళో మండపం నీడలో కూర్చుని ఆలోచించండి. మీరు లేకపోతే ఇల్లు నడవదన్న భయమా, మీరు లేకపోయినా నడిచిపోతుందన్న భయమా? ఈ రెండూ ఒకటి కావు. ఏది మీదో తెలిస్తే చాలా విషయాలు తేలికవుతాయి.

జాగ్రత్తలు మాత్రం అందరూ పాటించాలి. ఎక్కడికి వెళ్తున్నారో ఇంట్లో ఒకరికి చెప్పి వెళ్ళండి. కొత్త ఊరికి వెలుగుండగానే చేరండి. రైల్లో ఇబ్బంది వస్తే 139, ఎక్కడైనా ఆపద వస్తే 112. డబ్బు ఒకే చోట పెట్టుకోకండి. మందులు చేతిసంచిలోనే ఉండాలి. ధైర్యమంటే ఇవన్నీ చూసుకున్నాక వేసే అడుగే.

ఇంటికి తిరిగొచ్చాక అసలు పని మొదలవుతుంది. కాశీకి వెళ్తే ఏదో ఒకటి వదిలి రావాలని మన పెద్దలు పెట్టిన ఆచారం చాలా లోతైనది. మనం దాన్ని ఎటూ తినని కూరగాయ దగ్గరకు దించేశాం. ప్రయాణంలో పెట్టుకున్న అలాంటి నియమాన్ని గాంధీజీ ఎంత గట్టిగా పట్టుకున్నారో చూడండి. ఆ 1915 ప్రయాణంలోనే కలకత్తాలో ఆయన బసచేసిన ఇంటి ఆడవాళ్ళు ఆయన కోసం రాత్రంతా మేలుకుని బాదంపప్పులలాంటి వాటికి పొట్టు తీశారు. అది ఆయన్ను కలచివేసింది. పళ్ళూ పప్పులే కదా, సాదా భోజనమే కదా అనుకున్నది ఎదుటివాళ్ళకు ఎంత శ్రమ అవుతోందో అప్పుడు చూశారు. ఆ తర్వాత హరిద్వార్‌లో, రోజుకు ఐదు పదార్థాలకు మించి తిననని, చీకటిపడ్డాక భోజనం చేయనని వ్రతం పట్టారు. పదమూడేళ్ళ తర్వాత ఆత్మకథలో ఆ సంగతి రాసేనాటికీ దాని మీదే ఉన్నారు. దారిలో తన గురించి తనకు తెలిసిన ఒక నిజాన్ని ఆయన నియమంగా మార్చుకున్నారు. మనమూ చేయవలసింది అదే.

వచ్చిన వారంలోపు మీ నోటుబుక్కు తీసి మొదటినుంచీ చదవండి. ఒకే రకమైన సంగతి రెండు మూడు చోట్ల కనిపిస్తుంది. ఆ బ్యాంకు పెద్దాయనకు అడగలేకపోవడం కనిపించినట్టు, మీకు ఇంకోటి కనిపిస్తుంది. ఆజ్ఞలివ్వడం కావచ్చు, అతిగా మొహమాటపడటం కావచ్చు, ప్రతిదానికీ ధర కట్టడం కావచ్చు. అన్నీ ఒక్కసారిగా దిద్దుకోవాలని చూడకండి. ఒక్కటి తీసుకోండి. దాని మీద పాటించగలిగేంత చిన్న నియమం పెట్టుకోండి. ఆ పెద్దాయన ఇప్పుడు ఇంట్లో ఏ నిర్ణయం చెప్పేముందైనా "నువ్వేమంటావు?" అని భార్యనో కొడుకునో అడుగుతారు. కొడుకు మొదట్లో నమ్మలేదట. ఇప్పుడు తనంతట తానే వచ్చి కూర్చుని మాట్లాడుతున్నాడట.

వచ్చే నెలలో రెండు రోజులు ఇప్పుడే ఖాళీ చేసి పెట్టుకోండి. మీకు బంధువులు లేని, మీరెప్పుడూ చూడని ఒక ఊరు ఎంచుకోండి. బస్సుకో రైలుకో వెళ్ళి, నోటుబుక్కులో కనీసం నాలుగు పేజీలు నింపుకుని రండి. ఈ పుస్తకంలో తరువాతి అధ్యాయం ఆ నాలుగు పేజీలు పక్కన పెట్టుకుని చదవాల్సినది. అందుకని, వెళ్ళి వచ్చాకే మొదలుపెట్టండి.